మొసలి పొడవు ఎవరు కొలిచారు?

సంపాదకుల వారికి,

నమస్కారాలు.

వరద తీసిన తరువాత మా ఊరి పక్కన గోదావరి వైనతేయ పాయ ఒడ్డున మొసలి కనబడిందన్న వార్తను మీరు జిల్లా పేజీలో ఫొటోతో సహా ప్రచురించారు. వార్త నిజమే. మొసలి వచ్చింది, నేనూ చూశాను. అయితే శీర్షికలో ‘18 అడుగుల భారీ మొసలి’ అని వేశారు. ఈ ఉత్తరం ఆ 18 అడుగుల గురించే. నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, నీటిమట్టం చూపే గేజీలు చదవడంలోను, ఏటిగట్ల కొలతలు రాయడంలోను కాలం గడిపినవాణ్ణి కనుక, అంకె ఏదైనా అచ్చులో కనిపిస్తే దాన్ని ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు అని అడగడం నాకు అలవాటైపోయింది. మా ఇంట్లోవాళ్లకు ఈ అలవాటు విసుగు. మీకూ విసుగనిపిస్తే మన్నించండి.

మొసలి విషయంలో 18 అడుగులంటే సామాన్యమైన మాట కాదు. ఆస్ట్రేలియాకు చెందిన గ్రీన్ ఐలండ్ అనే చిన్న దీవిలో కాషియస్ అనే ఉప్పునీటి మొసలిని పెంచేవారు. మనుషుల సంరక్షణలో సజీవంగా ఉన్న మొసళ్లలో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ మొసలి 2024 నవంబరులో చనిపోయింది. దాని పొడవు 5.48 మీటర్లు, అంటే 18 అడుగులకు పావు అంగుళం తక్కువ. మీ శీర్షిక ప్రకారం మా ఊరి మొసలి కాషియస్ కంటే పావు అంగుళం పెద్దదన్నమాట. అదే నిజమైతే ఆ వార్త జిల్లా పేజీలో మూడు కాలమ్‌లలో సరిపెట్టుకోవలసినది కాదు. దేశదేశాల శాస్త్రవేత్తలు ఈపాటికి మా రేవులో దిగి ఉండేవారు.

జరిగింది మనవి చేస్తాను. మొసలిని మొదట చూసినవాడు తెల్లవారుజామున వల తీయడానికి వెళ్లిన మా ఊరి మత్స్యకారుడు. ఎంత ఉంటుందని నేను అడిగితే అతడు రెండు చేతులూ చాచి, కాస్త ఆలోచించి, “బారన్నర ఉంటాదండి, ఆయ్” అన్నాడు. బార అంటే ఆరడుగులు కనుక అతని లెక్కకు తొమ్మిదడుగులు. పొద్దెక్కాక ఆ మాట టీ కొట్టుకు చేరింది. ఫొటోలో తోక భాగం నీళ్లలో ఉండటం చూసిన ఒక పెద్దమనిషి, కనబడేది సగమే, మిగిలిన సగం నీళ్లలో ఉందని తేల్చాడు. బారన్నరకు బారన్నర కలిపితే మూడు బారలు, మూడు ఆర్లు పద్దెనిమిది. మధ్యాహ్నానికి మీ విలేకరి వచ్చేసరికి అంకె సిద్ధంగా ఉంది. మత్స్యకారుడు మొసలిని మొత్తంగా, నీళ్లలోకి జారకముందే చూశాడన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడిగినట్లు లేదు.

ఆ సాయంత్రం సముద్రపు పాటుకు నీళ్లు తీసి ఒడ్డు బయటపడ్డాక, మొసలి పడుకున్న చోట ఒండ్రు మీద దాని అచ్చు చెక్కుచెదరకుండా ఉంది. మెత్తని బురదలో దవడ కింది భాగం దిగబడిన గుంట, పొట్ట ఒరుసుకున్న నున్నని చాలు, దానికి రెండు వైపులా కాళ్ల గోళ్ల గుర్తులు, వెనుక తోక పొడవునా సన్నని గాడి. గెడలు పట్టుకొని ఇద్దరు కుర్రాళ్లు నీటివైపు కాపలా నిలబడగా, మా తమ్ముడి కొడుకు చేత ముక్కు కొన దగ్గర ఒక పుల్ల, తోక చివర ఒక పుల్ల పాతించి, ఉద్యోగంలో ఉన్నప్పటి నా ఉక్కు టేపును వాటి మధ్య బిగువుగా పట్టించి కొలిచాను. 8 అడుగుల 2 అంగుళాలు. చీకట్లో చేతులు చాచి చెప్పిన మనిషి అంచనాలో తేడా పది అంగుళాలు. అసలు చూడనివాళ్ల లెక్కలో తేడా పది అడుగులకు అంగుళాలు రెండు తక్కువ.

మీరు ప్రచురించిన ఫొటో కూడా అబద్ధం చెప్పలేదు, కానీ చూసేవాళ్లను తప్పుదారి పట్టించింది. మొసలి ముందు ఉంది. దాని వెనుక నిలబడినట్లు కనిపించే ముగ్గురు యువకులు నిజానికి పది పన్నెండు అడుగులు వెనుక, గట్టు అంచున ఉన్నారు. దగ్గరున్నది పెద్దదిగా, దూరమున్నది చిన్నదిగా పడడం కెమెరా స్వభావం. పులస దొరికినవాడు దాన్ని గుండెలకు ఆనించుకోకుండా, మోచేతులు పూర్తిగా చాచి కెమెరా మీదికి నెట్టి ఎందుకు పట్టుకుంటాడో మన ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అదే ఫొటోలో మరో విషయం ఉంది. తల వెనుక, మెడ మొదట్లో, పెద్ద పొలుసులు వరుసగా లేచి కనబడుతున్నాయి. మూతి వెడల్పుగా, మొద్దుగా ఉంది. ఇవి మంచినీటి మొసలి లక్షణాలు. ఉప్పునీటి మొసలికి తల వెనుక ఆ పెద్ద పొలుసుల వరుస సాధారణంగా ఉండదు. కళ్ల ముందు నుంచి మూతి వైపు రెండు గట్లు సాగి ఉంటాయి. మీ వార్తలో దీన్ని సముద్రం నుంచి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) గుండా ఎదురెక్కి వచ్చిన ఉప్పునీటి మొసలి అని రాశారు. ఇది ఎగువ నుంచి వరదతో పాటు కొట్టుకువచ్చినదని నా నమ్మకం. గోదావరి ఎగువన, మంజీరలోను, మంథని దగ్గరి శివారం వద్దను మంచినీటి మొసళ్లకు అభయారణ్యాలే ఉన్నాయి. ఈ జాతిలో నాలుగు మీటర్లు దాటినదే పెద్దది. అయిదు మీటర్లు దాటడం అరుదు. కాబట్టి జాతి గుర్తించిన మరుక్షణమే ఆ 18 అడుగుల మీద అనుమానం రావలసింది.

మొసళ్ల కొలతల చరిత్ర అంతా ఇలాంటి అనుమానాలతోనే నిండి ఉంది. ఆస్ట్రేలియాలోని నార్మంటన్ దగ్గర 1957లో ఒక మహిళ తుపాకీతో కొట్టిన మొసలి 8.63 మీటర్లు, అంటే 28 అడుగులకు పైన ఉందని చెబుతారు. ఆ ఊళ్లో దానికి నిలువెత్తు బొమ్మ కూడా కట్టారు. ఆ మొసలి చర్మం గాని, పుర్రె గాని పరీక్షకు మిగలలేదు. అంతకంటే ముందు, 1840లో బంగాళాఖాతం తీరంలో చంపిన మొసలి 33 అడుగులన్నారు. దాని పుర్రె మాత్రం భద్రంగా లండన్ చేరింది. తరువాతి కాలంలో దాన్ని కొలిచి చూస్తే రెండడుగుల చిల్లర తేలింది, అంటే మొసలి అసలు పొడవు చెప్పినదాంట్లో సుమారు సగం. తల పొడవును ఏడుతో హెచ్చవేస్తే మొసలి పొడవు రమారమి వస్తుందన్నది ఈ రంగంలో పనిచేసేవాళ్లు వాడే లెక్క. మరీ పెద్ద మొసళ్లకు ఈ గుణకం ఎనిమిదికి, తొమ్మిదికి దగ్గరవుతుంది కనుక ఈ లెక్కనూ ఆచితూచి వాడాలి.

ఈ గొడవలేవీ లేని కొలత ఒక్కటి చెప్పుకోవాలంటే అది లోలోంగ్‌ది. ఫిలిప్పీన్స్‌లోని అగుసాన్ చిత్తడి నేలల్లో, బునావన్ అనే ఊరి దగ్గర 2011 సెప్టెంబరులో ఆ మొసలిని సజీవంగా పట్టుకున్నారు. పట్టిన రోజుల్లో వార్తలన్నీ 21 అడుగులని రాశాయి. రెండు నెలల తరువాత ఆడం బ్రిటన్ అనే మొసళ్ల శాస్త్రవేత్త వెళ్లి, దాన్ని కదలకుండా చేయించి, స్వయంగా కొలిచాడు. 6.17 మీటర్లు వచ్చింది. అంటే 20 అడుగుల 3 అంగుళాలు. బరువు 1,075 కిలోలు. తల 70 సెంటీమీటర్లు. వార్తల్లోని 21 అడుగుల్లోంచి 9 అంగుళాలు తరిగిపోయాయి. తరిగిన తరువాత కూడా అది గిన్నిస్ రికార్డే అయింది. 2013 ఫిబ్రవరిలో ఆ మొసలి చనిపోయింది. మన పొరుగు రాష్ట్రం ఒడిశాలోని భితరకనికలో 23 అడుగుల మొసలి ఉందని 2006లో గిన్నిస్ పుస్తకంలో చేర్చారు, కానీ అది దూరం నుంచి చూసి వేసిన అంచనా. భితరకనికలో నిజంగానే పెద్ద మొసళ్లున్నాయి. 1975లో మొదలుపెట్టిన సంరక్షణ పథకం వల్ల అక్కడ వాటి సంఖ్య 1,800 దాటింది. అయినా లోలోంగ్ కొలతను, భితరకనిక అంచనాను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టడం నాకు సరిగా తోచదు.

పాముల సంగతి ఇంకా అన్యాయం, ఎందుకంటే ఒలిచిన పాము చర్మం సాగుతుంది. 30 అడుగుల పామును సజీవంగా తెచ్చి చూపితే బహుమతి ఇస్తామని న్యూయార్క్ జంతు సంరక్షణ సంఘం వారు దశాబ్దాల పాటు ప్రకటిస్తూ, 50,000 డాలర్ల దాకా పెంచుకుంటూ పోయారు. ఆ సొమ్ము ఎవరూ తీసుకోలేదు. లోకంలో 30 అడుగుల పామును చూశామన్నవాళ్లకు మాత్రం కొదవ లేదు.

పేరున్న సంస్థలు కూడా ఇలా పొరబడతాయి. లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబరు 13న 58 డిగ్రీల ఎండ కాసిందని తొంభై ఏళ్లు ప్రపంచమంతా చదువుకుంది. నేనూ పోటీ పరీక్షకు బట్టీపట్టాను. ప్రపంచ వాతావరణ సంస్థ పాత దస్తావేజులు తిరగేయించి, అనుభవం లేని మనిషి ఉష్ణమాపకాన్ని తప్పుగా చదివి ఉంటాడని, తేడా ఏడు డిగ్రీలు ఉంటుందని తేల్చి, 2012లో ఆ రికార్డును రద్దు చేసింది. మే నెలలో మన పత్రికల్లో కనబడే 50, 52 డిగ్రీల్లో ఎన్ని నీడలో పెట్టిన మాపకంలో చదివినవో, ఎన్ని సెల్‌ఫోనులో ‘ఇలా అనిపిస్తుంది’ అని చూపే అంకెలో మీరే ఒకసారి చూసుకోవాలి.

ఇక మన గడప దగ్గరికి వస్తాను. 1839 నవంబరులో కాకినాడ దగ్గరి కోరంగి రేవును ముంచిన ఉప్పెన గురించి మీ పత్రికతో సహా అందరూ రాసే వాక్యం ఒకటుంది: 40 అడుగుల ఎత్తున సముద్రం వచ్చింది, 20,000 పడవలు ధ్వంసమయ్యాయి, 3 లక్షల మంది చనిపోయారు. ఉప్పెన వచ్చింది, ఘోరం జరిగింది, రేవు మళ్లీ మునుపటిలా లేవలేదు. ఇందులో నాకు సందేహం లేదు. యాభై ఏళ్ల ముందు 1789లో మూడు కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి అదే కోరంగిని ముంచాయి. పాము చుట్టను తలపించే ‘సైక్లోన్’ అన్న పేరును తుపానుకు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని ఆ కెరటాల సంగతి రాసిపెట్టాడు. నా సందేహమల్లా 1839 అంకెల మీద. కోరంగి కాలవను, అటు యానాం, నీలపల్లి, ఇంజరం ఒడ్డులను చూసినవాళ్లు ఒక్కసారి లెక్క కట్టండి. ఒక్కో పడవ 20 అడుగులే అనుకుందాం. 20,000 పడవలను ముక్కుకు తోక ఆనించి వరుసగా నిలిపితే 4 లక్షల అడుగులు, అంటే సుమారు 122 కిలోమీటర్లు. కాకినాడ నుంచి రాజమహేంద్రవరం వెళ్లి, తిరిగి ఇంచుమించు కాకినాడ చేరేంత వరుస. అన్ని పడవలు ఆ రేవులో ఏ మూల పట్టాయి? తుపానుల వల్ల జరిగిన అతి పెద్ద ప్రాణనష్టంగా ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో ప్రకటించింది 1970 నవంబరులో ఇప్పటి బంగ్లాదేశ్‌లో పోయిన సుమారు 3 లక్షల ప్రాణాలను, కోరంగిని కాదు.

40 అడుగుల మాటలో కూడా మెలిక ఉంది. ఉప్పెన ఎత్తు వేరు, దాని మీద కెరటం ఎగిరిపడి ఒడ్డు మీద చేరిన ఎత్తు వేరు. 1899 మార్చిలో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ బే తుపానులో, సుమారు 12 మీటర్ల ఎత్తు గట్టు మీద గుడారం వేసుకున్న పోలీసు ఒకడు నడుము లోతు నీళ్లలో నిలబడ్డానని చెప్పాడు. ఆ మాటను బట్టే అది ప్రపంచంలోకెల్లా ఎత్తైన ఉప్పెన అన్నారు. తరువాత పరిశీలించినవాళ్లు అందులో కెరటాల పాలు ఎంత అని ప్రశ్నించారు. మన దివిసీమ ఉప్పెన 1977లో వచ్చింది కనుక దాని గుర్తులను చూసినవాళ్లు, కొలిచినవాళ్లు ఉన్నారు; దానికి అయిదు మీటర్లన్న లెక్క ఉంది. పది వేల ప్రాణాలు తీయడానికి ఆ అయిదు మీటర్లే చాలాయి.

వరద విషయంలో మాత్రం మన డెల్టా అదృష్టం చేసుకుంది. ధవళేశ్వరం దగ్గర, భద్రాచలం దగ్గర గేజీలు ఉన్నాయి, గంటగంటకు చదివి రాసేవాళ్లు ఉన్నారు. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం వద్ద 35.06 లక్షల క్యూసెక్కులు పారిందని, భద్రాచలంలో 75.6 అడుగులు చూపిందని మనం గట్టిగా చెప్పగలుగుతున్నది వాళ్ల పుణ్యమే. 2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చినప్పుడు, చరిత్రలో ఎన్నడూ లేని వరద అని కొందరు రాసినా, పాత పుస్తకం తెరిచి కాదని చెప్పగలిగాం. ఒక్క మాట మాత్రం ఏటా మనవి చేయాలనిపిస్తుంది. భద్రాచలంలో 53 అడుగులకు మూడో హెచ్చరిక, ధవళేశ్వరంలో 17.75 అడుగులకే మూడో హెచ్చరిక. ఈ రెండూ నది లోతులు కావు. ఏ గేజీ సున్నా ఆ గేజీదే. ఒక దాని అడుగులను మరొక దాని అడుగులతో పోల్చి, అక్కడ 53 ఉంటే ఇక్కడ 17 ఏమిటి, వరద ఎటు పోయింది అని టీవీలో అడిగిన ఒక యువకుణ్ణి నేను విన్నాను.

ఆ 1986 వరదకు మా వైపు గట్టుకు గండి పడి ఊళ్లోకి నీళ్లొచ్చాయి. నేను డ్యూటీలో గట్టు మీద ఇసుక బస్తాల దగ్గర ఉన్నాను. ఇంటి దగ్గర నాన్నగారు, నీళ్లు నిలిచిన చోట వీధి గోడకు ఒక మేకు కొట్టారు. అరుగు మీద నుంచి 4 అడుగుల 1 అంగుళం. పక్కింటివారు అదే రోజు అదే మట్టాన ఇటుక ముక్కతో గీత గీశారు. సంక్రాంతికి సంక్రాంతికి గోడకు సున్నం పడినప్పుడల్లా ఆ గీత చెరిగేది, మళ్లీ గుర్తున్నంతలో గీసేవారు. మొన్నామధ్య నేను వెళ్లి కొలిస్తే ఆ గీత 5 అడుగుల 4 అంగుళాల దగ్గర ఉంది. రెండిళ్ల అరుగులూ సమానమని మేస్త్రీ వాడే నీళ్ల గొట్టం పెట్టి సరిచూశాను. నీళ్లు పల్లమెరుగుతాయి కాని, ఒక గోడ దగ్గర ఒకలా, పక్క గోడ దగ్గర మరోలా నిలబడవు. ఆ ఇంట్లో ఎవరూ అబద్ధమాడలేదు. ఏడాదికి అర అంగుళం కూడా పెరగని జ్ఞాపకం అది. ఆ ఇంటి పిల్లలకు మాత్రం ఆ గీతే 1986.

ఇదంతా చదివి, ఎనిమిదడుగులైతే ఏమిటి, పద్దెనిమిదైతే ఏమిటి, మొసలి మొసలే కదా అని ఎవరైనా అనవచ్చు. సగం నిజమే. ఎనిమిదడుగుల మొసలి మేకను లాక్కుపోగలదు, రేవులో బట్టలుతికే మనిషికి ప్రమాదం తేగలదు. దాన్ని తేలికగా తీసుకోమని నేను చెప్పడం లేదు. కాని మీ వార్త వచ్చిన మరుసటి ఉదయం నుంచి లంక పిల్లలు పడవ ఎక్కి బడికి రావడం మానేశారు, పొరుగూళ్ల నుంచి మోటారు సైకిళ్ల మీద జనం వచ్చారు, గునపాలతో, ఉచ్చులతో దాన్ని మట్టుపెట్టాలని కొందరు బయలుదేరారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొసలిని చంపడాన్ని తీవ్రమైన నేరంగా చూస్తుందని ఇద్దరు ముగ్గురు పెద్దలు నచ్చజెప్పి ఆపవలసి వచ్చింది. మత్స్యకారుడు చెప్పిన బారన్నర అలాగే అచ్చయి ఉంటే, రేవుకు నాలుగు రోజులు దూరంగా ఉండమని చాటింపు వేస్తే సరిపోయేది.

అంచనాలు వేయవద్దని కూడా నేను అనడం లేదు. ఆ మత్స్యకారుడిదీ అంచనాయే, మంచి అంచనా. అది అంచనా అని చెప్పి, చెప్పినవాడు స్వయంగా చూశాడా లేదా అన్నది ఒక్క ముక్కలో రాస్తే చాలు. మొసలి, పాము, సొర, చేప, చెట్టు, వరద ఏదైనా, అంకె పక్కన ‘కొలిచినది’ అనో ‘అంచనా’ అనో ఒక్క మాట చేర్చే పద్ధతిని మీ జిల్లా పేజీల్లో పెట్టాలని కోరుతున్నాను. మడ అడవుల విషయంలోనూ ఇది పనికొస్తుంది. కోరంగి దేశంలో రెండో అతి పెద్ద మడ అడవి అని మనం రాసుకుంటున్నట్లే భితరకనికే రెండోదని ఒడిశావారు రాసుకుంటున్నారు.

చివరిగా, వీలైతే రేపటి సంచికలో ఈ సవరణ వేయగలరు: వైనతేయ ఒడ్డున కనిపించినది మంచినీటి మొసలి. బురదలో పడిన అచ్చును బట్టి పొడవు 8 అడుగుల 2 అంగుళాలు. తోక చివర బురద పలచబడి గాడి సరిగా తెగలేదు కనుక, అటూ ఇటూ ఒక నాలుగు అంగుళాల తేడా ఉండవచ్చు.

ఇట్లు,
విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టరు,
కోనసీమ